నియోజకవర్గాల గీతలు: ఓట్ల లెక్క ఎవరి చేతిలో ఉండాలి?

మాడిసన్‌వాసి:
అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వార్డుల (ఓట్లు లెక్కించే చిన్న ప్రాంతాల) సరిహద్దులను కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఏటా జనవరిలో, జూలైలో శాసనసభ సాంకేతిక విభాగానికి పంపాలి. ఆ విభాగం ఏ పార్టీదీ కాదు. వార్డువారీ ఓట్లూ ఎవరైనా దించుకోవచ్చు. సమాచారం బాగానే ఉంది, గీసే చేతుల సంగతే వేరు. 2011లో శాసనసభ నియోజకవర్గాల పటం తయారైంది ఒక న్యాయవాద సంస్థ కార్యాలయంలో. రిపబ్లికన్ సభ్యులు ఒక్కొక్కరే వెళ్లి, బయట చెప్పబోమని సంతకం చేసి, తమ నియోజకవర్గం చూసుకుని వచ్చారు. మరుసటి ఏడాది దిగువ సభలో వారికి 48.6 శాతం ఓట్లతో 99కి 60 స్థానాలు! ఈ పని పార్టీల నుంచి తీసేయాలి.

రేఖాగణితం:
సగమే చెప్పారు గారూ. డెమొక్రాట్లు మిల్వాకీ, మాడిసన్ నగరాల్లో గుమిగూడి ఉంటారు. ఎవరు గీసినా వాళ్ల ఓట్లు అక్కడే వృథా. 2024లో కొత్త పటంతోనూ రిపబ్లికన్లే 54-45తో నెగ్గారు. ఇక పార్టీల బదులు గీసే నియమితులు తప్పు చేస్తే ఎవరిని ఓడిస్తారు?

మాడిసన్‌వాసి:
2022లో రిపబ్లికన్లు 64-35తో నెగ్గారు. అదే రోజు అదే ఓటర్లు డెమొక్రాట్ టోనీ ఎవర్స్‌ను గవర్నర్‌గా గెలిపించారు. దీనికీ భూగోళమే కారణమా?

మొక్కజొన్న:
పక్కనే అయోవా రాష్ట్రం ఉంది. 1980 చట్టం ప్రకారం అక్కడ గీసే ఉద్యోగులు పార్టీల ఓట్లు, సభ్యుల చిరునామాలు చూడకూడదు. మొదటి రెండు పటాలకూ సభ అవుననో కాదనో చెబుతుంది, అంతే. 2021లో మొదటి పటాన్ని సెనేట్ తిప్పికొట్టింది, రెండోది గట్టెక్కింది.

రేఖాగణితం:
కళ్లకు గంతలు కట్టుకుని గీస్తే మిల్వాకీ ఓట్లు మిల్వాకీలోనే ఉండిపోతాయి. అదీ న్యాయమేనా?

మాడిసన్‌వాసి:
కాదు. గీసేటప్పుడు చూడవద్దు, గీశాక, ఆమోదానికి ముందు, వార్డు ఓట్లు వేసి అందరూ సరిచూడాలి. కోర్టులను నమ్ముకుంటే లాభం లేదు. 2019లో అమెరికా సుప్రీంకోర్టు పార్టీల పక్షపాతం ఫెడరల్ కోర్టుల పరిధి కాదని 5-4తో చేతులు దులుపుకుంది. 2023 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు పటాన్ని కొట్టేసినా, కారణం పక్షపాతం కాదు. ఒకే ముక్కగా ఉండాల్సిన 99 నియోజకవర్గాల్లో కనీసం 50కి విడిపోయిన ముక్కలున్నాయట. పట్టణాలు అక్కడక్కడా భూములు కలుపుకోవడంతో మిగిలిన తునకలవి.

రేఖాగణితం:
అంటే ముక్కలు అతికిస్తే ఎంత పక్షపాతమైనా చెల్లుతుందా?

మాడిసన్‌వాసి:
ఆ తీర్పు అంతవరకే వెళ్లింది. 2024 పటాన్నీ శాసనసభే ఆమోదించింది, ఎవర్స్ సంతకం చేశారు. చట్టం మారకపోతే జనగణన తర్వాత 2031లో కలం మళ్లీ ఆ సభ చేతికే.