అప్‌డేట్: ఏసీ శబ్దం కంప్రెసర్‌ది కాదు, పుల్లీ బేరింగ్‌ది

మా ఎనిమిదేళ్ల పెట్రోల్ కారులో ఏసీ వేస్తే బానెట్ కింద గరగరమంటోందని, వర్క్‌షాప్‌లో కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ని నొక్కే పంపు) మొత్తం మార్చాలి, 24 వేలు అవుతుందన్నారని పోయిన వారం రాశాను కదా. ఆ ఖర్చు తప్పింది!

ఏసీ ఆపేసి కూడా ఒకసారి వినమని మీలో ఒకరు చెప్పారు. వాళ్లకు చాలా రుణపడి ఉన్నాను. పొద్దున్నే ఏసీ, బ్లోయర్ (లోపలికి గాలి కొట్టే ఫ్యాన్) రెండూ ఆపి ఇంజిన్ స్టార్ట్ చేస్తే శబ్దం అప్పుడూ ఉంది, కాకపోతే తక్కువగా. ఫ్యాన్ స్పీడు మార్చినా తేడా లేదు కాబట్టి బ్లోయర్ కాదని తేలింది.

ఆదివారం మా వీధి చివర మెకానిక్ గారికి చూపించాను. ఆయన బెల్టు తీసి కంప్రెసర్ పుల్లీని (బెల్టు తిప్పే చక్రం) చేత్తో తిప్పారు. లోపల ఇసుక పడ్డట్టు గరుకుగా తిరిగింది, కొంచెం ఊగింది కూడా. ఏసీ ఆపినా పుల్లీ ఇంజిన్‌తో పాటు తిరుగుతూనే ఉంటుందట, అందుకే శబ్దం పూర్తిగా ఆగలేదు. కంప్రెసర్ లోపలి షాఫ్ట్ మాత్రం, ఏసీ వేసినప్పుడు దాన్ని పుల్లీకి కలిపే క్లచ్ పట్టినప్పుడే తిరుగుతుంది. ఆ షాఫ్ట్‌ని విడిగా తిప్పి చూస్తే సాఫీగానే ఉంది. అంటే పాడైంది కంప్రెసర్ కాదు, పుల్లీ సాఫీగా తిరగడానికి దాని మధ్యలో ఉండే బేరింగ్.

మా బండిలో బేరింగ్ బయటివైపే ఉంది కాబట్టి గ్యాస్ తీయకుండానే మార్చేశారు. క్లచ్ గ్యాప్ (క్లచ్ పలకకీ పుల్లీకీ మధ్య ఖాళీ) కూడా గేజ్ పెట్టి సరిచేశారు. మొత్తం 2,600 అయింది.

నాలుగు రోజులుగా మధ్యాహ్నం ఎండలో కూడా తిప్పుతున్నాను. శబ్దం లేదు, చల్లదనం తగ్గలేదు. ఇలాంటిదే మీకూ వస్తే కంప్రెసర్‌కి ఒప్పుకునే ముందు బెల్టు తీయించి చూడండి, ఇంజిన్ ఆపి తాళం తీసేశాకే.