కొత్తగా ఫుడ్, ప్రోడక్ట్ ఫొటోగ్రఫీ పెట్టినవాళ్లు మొదటి పనులు ఫ్రీగా చేయాలా?

డాబాగార్డెన్స్:
విశాఖలో స్టూడియో మొదలుపెట్టేవాళ్లకి అందరూ చెప్పేదొకటే, "ముందు నాలుగు పనులు ఫ్రీగా చెయ్, పేరొస్తుంది" అని. నేనొప్పుకోను. ఫ్రీగా తీయించుకున్న హోటలాయన పక్కాయనకి చెప్పేదీ "ఫ్రీగానే తీస్తాడు" అనే. తర్వాత ఎంత చెప్పినా ఎక్కువే అనిపిస్తుంది. చిన్న రేటైనా సరే, రేటు పెట్టండి. ఆరు వంటకాలు, ఒక్కోదానికి రెండు ఫొటోలు, మార్పులు ఒక్కసారే, సగం అడ్వాన్సు. ఇవన్నీ కొటేషన్‌లో రాయాలి.

సాగరతీరం:
చూపించడానికి ఒక్క ఫొటో లేనివాడికి అడ్వాన్సు ఎవరిస్తారండీ? ద్వారకానగర్‌లో ఏ ఓనరైనా మొదట అడిగేది "ఇంతకుముందు ఎవరికి చేశావు?" అనే కదా. ఫ్రీ పని లేకుండా దానికి జవాబెక్కడిది?

లెన్స్‌క్యాప్:
సాగరతీరం గారూ, నమూనాలకి క్లయింటు అక్కర్లేదు. మాడుగుల హల్వా, ఏటికొప్పాక లక్కబొమ్మలు కొనుక్కొచ్చి ఇంట్లోనే తీయొచ్చు. హల్వాని కిటికీ పక్కన పెట్టి, ఎదురువైపు తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టండి. నేరుగా ఫ్లాష్ కొడితే నెయ్యి మెరుపు కాస్తా తెల్లమచ్చ అయిపోతుంది. లక్కబొమ్మ మీద గదంతా కనబడుతుంది, లైటుకీ బొమ్మకీ మధ్య ట్రేసింగ్ పేపర్ కట్టాలి. ఆ ఫొటోల కింద "నమూనా" అని రాయడం మరవొద్దు. కొన్న కొట్టు పేరు క్లయింటుగా వేసుకుంటే అది అబద్ధం.

హోటళ్లకి మధ్యాహ్నం 3 దాటాక వెళ్లండి, భోజనాల హడావిడి అయిపోతుంది. ఎనిమిది ఫొటోలు చాలు. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపాలి, మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు అడిగి ప్రతిఫలమిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు వాళ్లే. అందుకని "ఈ ఫొటోలు నా పనికి నమూనాగా చూపించుకోవచ్చు" అని కొటేషన్‌లో ఒక వాక్యం ఉండి తీరాలి. ఫ్రీ పనికీ రాయించుకోండి. భోజనం పెట్టాం, మా పేజీలో ట్యాగ్ చేశాం కాబట్టి అదే ప్రతిఫలమని రేపు వాదించొచ్చు.

సాగరతీరం:
నమూనాల మాట బాగుంది. అయినా రద్దీ వంటగదిలో, వేడి చల్లారేలోపు తీయగలడా లేదా అన్నది ఇంట్లో తీసిన హల్వా చెప్పదు. ఆ నమ్మకానికి ఒక్క పనైనా ఫ్రీగా చేయాల్సిందే అంటాను.

డాబాగార్డెన్స్:
తప్పదనుకుంటే ఒక్కటే చేయండి, బిల్లు మాత్రం ఇవ్వండి. పైన పూర్తి రేటు, కింద "మొదటి పని తగ్గింపు", మొత్తం సున్నా. రెండో పనికి బేరం ఆ పై అంకె దగ్గరే మొదలవుతుంది.