ఇంట్లో వీడియోలకి చిన్న క్యామ్‌కార్డర్ ఇప్పుడు కొనొచ్చా? వాడినోళ్ళు చెప్పండి

వీకెండ్ నాన్న:
నమస్తే అందరికీ. పాప అడుగులు వెయ్యడం మొదలెట్టింది, ఇప్పటిదాకా అంతా ఫోన్లోనే తీస్తున్నాం కానీ సరిగ్గా తీసే టైముకే ఎవరో ఒకరు కాల్ చెయ్యడం, లేదంటే స్టోరేజ్ ఫుల్ అనడం, విసుగొచ్చేసింది. అందుకే అరచేతిలో పట్టే చిన్న హ్యాండీక్యామ్ చూస్తున్నా, సోనీ సీఎక్స్405 టైపుది. రివ్యూలు చూస్తే అందరూ డబ్బా మీద ఉన్నదే చదివి వినిపిస్తున్నారు. ఉన్నదున్నట్టు చెప్పండి, ఇప్పుడు కొనడం దండగా?

పాతటేపు:
జూమ్ కోసమైతే దండగ కాదండీ. మా వాడి స్కూల్ ఫంక్షన్లో మాకు చివరి వరసే దొరికింది, ముందంతా ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు, ఆ చేతుల సందులోంచి వాడి మొహం ఒక్కటే ఫ్రేములో పెట్టగలిగా, డైలాగు మర్చిపోయి పక్కవాడి వైపు దొంగచూపు చూడటం కూడా స్పష్టంగా వచ్చింది. మీరన్న మోడల్లో 30 ఎక్స్ ఆప్టికల్, అంటే లెన్సుతోనే దగ్గరికి తెచ్చే జూమ్, ఫోటో కెమెరా లెక్కలో చెప్పాలంటే దాదాపు 27 ఎంఎం (వెడల్పుగా) నుంచి 800 ఎంఎం (బాగా దగ్గరగా) దాకా. డబ్బా మీద వందల్లో ఎక్స్ రాసుంటే మాత్రం పట్టించుకోవద్దు, అది డిజిటల్, ఉన్న బొమ్మనే సాగదియ్యడం, కొన్న రోజే మెనూలో ఆపేసుకోండి.

రాత్రిడ్యూటీ:
అన్న చెప్పింది నిజమే గానీ ఈయన తీసేది పాపని కదా, ఇంట్లో, అదీ ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రాలు. అక్కడే దెబ్బ. అంత పొడుగు జూమ్ అంత చిన్న బాడీలో పట్టాలంటే సెన్సర్, అంటే వెలుతురు పట్టే చిప్, బుల్లిది పెట్టక తప్పదు, దీన్లో ఉన్నది 1/5.8 అంగుళం టైపు. వెలుతురు తగ్గేసరికి గెయిన్ పెంచేస్తుంది, అంటే బొమ్మని బలవంతంగా వెలిగిస్తుంది, వెనక గోడ మీద చీమలు పాకుతున్నట్టు చుక్కలు, పాప కాస్త కదిలిందా మొహం మసక. ఈమధ్య మంచి ఫోన్లలో మెయిన్ కెమెరా సెన్సర్ దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దది, కాబట్టి ఇంటి లైట్ల కింద ఫోనే నయం, నాకైతే డౌట్ లేదు. ఎవరిదైనా అడిగి తెచ్చుకుని రాత్రి హాల్లో ఒక్క లైటు వేసి తీసి టీవీలో పెట్టి చూడండి, కెమెరాకుండే ఆ 2.7 అంగుళాల స్క్రీన్లో ఏదైనా బాగానే కనిపిస్తుంది.

అన్నట్టు మీ దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ అయితే సెకనుకి 60 ఫ్రేముల లెక్కన తీసే వేరే దేశం మోడల్ తెప్పించుకోవద్దు. కొన్ని లైట్ల కింద వీడియో మినుకుమినుకుమంటుంది, షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పట్టే టైము) సెకనులో 1/50కో 1/100కో మారిస్తే తగ్గుతుంది గానీ ఈ చిన్నవాటిలో చాలావాటికి షట్టర్ మన చేతిలో ఉండదు.

వీకెండ్ నాన్న:
అమ్మో, ఇది ఎవరూ చెప్పలేదు. మరి చెయ్యి వణుకు సంగతి? పాప వెనకాల నడుస్తూ తియ్యాలి నేను.

స్టాండ్ లేని బాబాయ్:
వణుకు విషయంలో భయపడక్కర్లేదు బ్రో, లెన్సులోనే వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఉంటుంది, పట్టీ బిగించి మోచెయ్యి పక్కకి ఆనించి నడిస్తే చాలు. ఫుల్ జూమ్‌లో మాత్రం ఎంత చేసినా ఊగుద్ది, గోడకో స్తంభానికో ఆనుకోవాల్సిందే. నా కంప్లైంటు అంతా సౌండ్ మీద. నా దగ్గరున్నదాంట్లో (కంపెనీ పేరు వద్దులే) జూమ్ మీట వదిలినప్పుడల్లా టిక్ మని రికార్డవుద్ది, పైగా తీసేవాడి గొంతు మైకుకి దగ్గర కాబట్టి పాప మాటలకన్నా "ఇటు చూడమ్మా ఇటు చూడు" అనే నా అరుపులే ఎక్కువ వినపడతాయి. మీరన్నదానికి బయటి మైకు పెట్టుకునే జాక్ కూడా లేదు. బ్యాటరీ కూడా లోపలే దూరుద్ది, కొన్ని మోడల్స్‌లోలాగా వెనక పెద్దది తగిలించుకోవడం కుదరదు, ఇంకోటి కొని జేబులో ఉంచుకోవాలి.

పాతటేపు:
ఫైళ్ళ గోల కూడా చెప్పాలి. ఏవీసీహెచ్‌డీ అనే వీడియో ఫార్మాట్‌లో తీస్తే ఫుల్ హెచ్‌డీకి ఎక్కువలో ఎక్కువ సెకనుకి 28 మెగాబిట్లు, అంటే గంటకి 12, 13 జీబీ. 32 జీబీ దాకా కార్డులు ఫైళ్ళు దాచేది ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో కాబట్టి 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, పొడుగ్గా తీస్తే ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని విడివిడిగా లాగి ఎడిటర్లో అతికిస్తే అతుకు దగ్గర సౌండ్ ఒక్క క్షణం పోతుంది, సరిగ్గా పాట మధ్యలో పోతే ఎంత కాలుద్దో చూసుకోండి. కార్డులోని ఫోల్డర్ మొత్తం ఉన్నదున్నట్టు కాపీ చేసి కెమెరాతో వచ్చే సాఫ్ట్‌వేర్‌తో ఎక్కిస్తే ఒకే ఫైలుగా కలుస్తుంది. ఇంకో మోడ్ ఉంది, ఎక్స్ఏవీసీ ఎస్, 50 మెగాబిట్లు, దానికి ఎస్‌డీఎక్స్‌సీ కార్డే (32 జీబీ దాటినవి) కావాలి, గంటకి 22 జీబీ పైనే, ఇంట్లో వీడియోలకి అంత అవసరమా అంటే నాకైతే తేడా పెద్దగా కనపడలేదు.

కానీ ఒకటి, స్టేజీ ప్రోగ్రాం గంటన్నర ఆపకుండా తియ్యాలంటే ఇదే. ఫోటో కెమెరాలు చాలాకాలం 29 నిమిషాల 59 సెకన్లకి టక్కున ఆగిపోయేవి, యూరప్‌లో అరగంట దాటి రికార్డు చేసేదాన్ని వీడియో కెమెరా కింద లెక్కేసి సుంకం వేసేవాళ్ళు, అందుకని. ఫోన్లేమో ఎండలో వేడెక్కి మానేస్తాయి.

వీకెండ్ నాన్న:
అందరికీ థాంక్స్. అయితే కొనడం ఇప్పుడే కాదు, పాప స్టేజీ ఎక్కే వయసొచ్చాక చూద్దాం. మా తోడల్లుడి బీరువాలో పాత హ్యాండీక్యామ్ ఒకటి పడుంది, ఆదివారం తెచ్చి రాత్రిడ్యూటీ గారు చెప్పినట్టు హాల్లో తీసి చూస్తా.

రాత్రిడ్యూటీ:
అది కార్డుదా టేపుదా ముందు చూసుకోండి. మినీ డీవీ టేపుదైతే కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఫైర్‌వైర్ అనే పాతకాలం కేబుల్ పోర్టు కావాలి, ఇప్పటి ల్యాప్‌టాపుల్లో అది ఉండదు, దొరికినా గంట టేపు ఎక్కడానికి గంటా పడుతుంది.