పాత ప్రభుత్వ ఇళ్లు కూల్చి కడితే చెట్లు పోవలసిందేనా? (చెన్నై)

పురసవాక్కం వాసి:
మా వీధికి ఆనుకుని డెబ్బైల నాటి ప్రభుత్వ గృహ సముదాయం ఉంది. పైకప్పు పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపిస్తున్నాయి. కూల్చి కట్టాల్సిందే, ఆ విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. అక్కడ ఉండేవాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లే, తరతరాలుగా ఈ నగరాన్ని ఊడ్చి శుభ్రం చేస్తున్న కుటుంబాలు. కొత్త ప్లాను చూశాను. ఎత్తయిన భవనాలు, చుట్టూ సిమెంటు. ఇప్పుడున్న వేపలు, కానుగలు, రెండు పెద్ద నిద్రగన్నేరు చెట్లు అందులో లేనేలేవు. ప్రహరీ వెంబడి మొక్కలు నాటుతారట. అడిగితే, పేదల ఇళ్లకు అడ్డం పడతారా అంటున్నారు. ఇళ్లూ అక్కడే రావాలి, చెట్లూ ఉండాలన్నది నా పట్టుదల. మీరేమంటారు?

అడయారు తీరం:
నేను చెట్ల వైపే. 2016 డిసెంబరులో వర్దా తుఫాను ఒక్కరోజులో ఎన్ని మహావృక్షాలను పడగొట్టిందో చూశాం. మిగిలిన వాటిని మన చేతులతో మనమే కొట్టుకోవడమా? నగరం నడిబొడ్డున ఇంకా జనాన్ని పెంచడం కంటే, స్థలం దొరికే శివార్లలో మంచి ఇళ్లు కట్టి ఇవ్వడం మేలు.

పెరుంబాక్కం నుంచి:
అడయారు తీరం గారూ, శివారు అన్న మాట మీకు తేలిక. 2015 వరదల తర్వాత నది ఒడ్డు నుంచి మమ్మల్ని తెచ్చి ఇక్కడ పెట్టారు. ఎనిమిది అంతస్తుల భవనాలు, వరుస వెనక వరుస. పని మాత్రం నగరంలోనే ఉండిపోయింది. మా అమ్మ ఇళ్లలో పనికి వెళ్లేది. బస్సు ఖర్చు, దారిలో పోయే పొద్దు లెక్క వేసుకుని మానేసింది. మా బ్లాకు దగ్గర కూర్చోదగిన నీడనిచ్చే చెట్టు ఒక్కటి లేదు. మధ్యాహ్నం ఆడవాళ్లు మెట్ల మీద వరుసగా కూర్చుని ఆకుకూర ఏరుకుంటారు, ఎవరైనా దిగాలంటే అందరూ కాళ్లు ముడుచుకోవాలి.

ఇంకొకటి. ఇక్కడికి పక్కనే పళ్లికరణై చిత్తడి నేల. అందులో 1,248 హెక్టార్లకు 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు, వచ్చింది. చెత్త డంపింగ్ యార్డు, రోడ్లు, ఐటీ భవనాలు, మాలాంటివాళ్ల కాలనీలు తినేయగా మిగిలిన ముక్క అది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు ఈ చుట్టుపక్కల పడవలు తిరిగాయి. వరద నుంచి తప్పిస్తామని తెచ్చి వరద నీరు నిలిచే చోట పెట్టారు. నగరంలో చెట్టు మిగిలిందని మీరు సంతోషించే ముందు ఇక్కడ ఏ చెరువు గట్టు పోయిందో చూడండి.

డ్రాయింగ్ బల్ల:
భవనాల ప్లాన్లు గీయడం నా వృత్తి. పైకి కడితే నేల మిగులుతుందని అందరూ అనుకుంటారు. మిగులుతుంది, కానీ చెట్టుకు కాదు. తమిళనాడు నిబంధనల ప్రకారం 18.30 మీటర్ల ఎత్తు దాటితే అది బహుళ అంతస్తుల భవనం. చుట్టూ కనీసం 7 మీటర్లు వదలాలి, అందులో అగ్నిమాపక వాహనం తిరగాలి. అంటే గట్టి నేల కావాలి. మిగిలిన మూలల్లో సంపు, ట్రాన్స్‌ఫార్మర్, మురుగునీటి శుద్ధి కేంద్రం. వేపచెట్టు మొదలు కొట్టకపోయినా, వేళ్ల మీద సిమెంటు పోస్తే కొన్నేళ్లకు ఎండుతుంది, లేదా గాలివానకు ఒరిగిపోతుంది. ఆ ఎత్తుకు లోపలే ఆపి, భవనాన్ని రెండు మూడు ముక్కలుగా విడగొట్టి చెట్ల మధ్య కూర్చోబెట్టవచ్చు. గీయడానికి ఓపిక కావాలి, అంతే.

ఒక పన్ను చెల్లింపుదారు:
ఎత్తు తగ్గితే ఇళ్లు తగ్గుతాయి. పాత ఇళ్లు చిన్నవి, ఇప్పుడు 400 చదరపు అడుగులకు తక్కువ ఇవ్వడం లేదు. తగ్గిన ఇళ్లు ఎవరి వాటాలోంచి పోతాయి?

పురసవాక్కం వాసి:
న్యాయమైన ప్రశ్న. ఇప్పుడు అక్కడ ఉన్న కుటుంబాలన్నింటికీ అక్కడే ఇల్లు రావాలి, అది మొదటి షరతు. ఆ తర్వాతే అదనపు ఇళ్ల మాట. ఆ అదనం కోసమే చెట్లన్నీ పోతున్నాయంటే, నగరంలోనే ఒంటి అంతస్తుతో పడి ఉన్న ప్రభుత్వ స్థలాలు చూడమంటాను, పళ్లికరణై వైపు కాదు. కారు లేనివాళ్ల కోసం కట్టే చోట పార్కింగుకు ఎంత నేల పోతోందో కూడా లెక్క తీయాలి.

పెద్ద బిల్డర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 10,000 చదరపు మీటర్లు దాటిన స్థలంలో పది శాతం బహిరంగ స్థలంగా స్థానిక సంస్థకు రాసివ్వాలి. 3,000 నుంచి 10,000 మధ్య అయితే నేలకు బదులు డబ్బు కట్టి బయటపడవచ్చు. ఆ వెసులుబాటు తీసేయాలి. డబ్బు ఖజానాకు చేరుతుంది, ఆ వీధికి నీడ రాదు. పచ్చదనం భారమంతా పేదల ఇళ్ల స్థలం మీదే వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఒక చెట్టు అడ్డు తొలగితే తప్ప పది కుటుంబాలకు ఇల్లు రాదని తేలితే, ఆ చెట్టు కొట్టమనే నేనూ అంటాను. కానీ తేల్చాలి కదా! ప్రతి చెట్టు మొదలు, కొమ్మల వ్యాప్తి ప్లానులో గుర్తించి, దాన్ని తప్పించి గీయడానికి ప్రయత్నించి, కుదరలేదని చూపించాలి. ఇక్కడ ఆ పని మొదలే కాలేదు.

అది పూర్తయ్యేవరకు టెండరు పిలవవద్దని వినతిపత్రం రాస్తున్నాను. డ్రాయింగ్ బల్ల గారూ, మీరు చెప్పిన పద్ధతిలో ఒక చిత్తు నమూనా గీసి ఇవ్వగలరా? ముందు సంతకాలు ఆ ఇళ్లలో ఉండేవాళ్లవి. వాళ్లు వద్దంటే మా వీధివాళ్ల సంతకాలతో పంపను.