ఫోన్ పట్టుకున్నందుకు టికెట్: కారు ఇన్సూరెన్స్ పెరుగుతుందా?

పెరటి_జామ: అందరికీ నమస్కారం. మేముండేది అమెరికాలోని జార్జియాలో. రెడ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మావారు ఫోన్ చేతిలోకి తీసుకుని మ్యాప్ చూశారు. పక్క లేన్‌లోనే పోలీసు. బండి ఆగే ఉంది కదా అంటే, సిగ్నల్ దగ్గర ఆగడం పార్కింగ్ కిందకి రాదని టికెట్ రాసిచ్చాడు. జరిమానా 50 డాలర్లే కదా, ఆన్‌లైన్‌లో కట్టేస్తానంటున్నారు ఈయన. నా టెన్షన్ అంతా ఇన్సూరెన్స్ గురించే. రెన్యువల్ దగ్గరపడింది, పైగా కొత్తగా లైసెన్స్ వచ్చిన మా అమ్మాయి కూడా అదే పాలసీలో ఉంది. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

కోర్టు_మెట్లు: అప్పుడే కట్టకండి అండీ! కట్టారంటే నేరం ఒప్పుకున్నట్టే, డ్రైవింగ్ తప్పుకి వేసే 1 పాయింట్ లైసెన్స్ రికార్డుకెక్కుతుంది. డ్రైవింగ్‌లో ఫోన్ చేత్తో పట్టుకోకూడదని 2018 జులై 1 నుంచి అమల్లో ఉన్న జార్జియా చట్టంలోనే ఒక వెసులుబాటు ఉంది. ఫోన్ చేత్తో పట్టుకున్నారన్న కేసు మొదటిసారి అయితే, హ్యాండ్స్ ఫ్రీ పరికరం (ఫోన్ చేత్తో పట్టుకోకుండా వాడుకునేది) గానీ, దాన్ని కొన్న రసీదు గానీ కోర్టులో చూపించి, ఇంతకుముందు ఈ అవకాశం వాడుకోలేదని చెబితే కేసు నిలవదు. మా తమ్ముడు బ్లూటూత్ కిట్ రసీదు తీసుకెళ్లాడు, అక్కడితో అయిపోయింది. మెసేజ్ టైప్ చేస్తూ దొరికితే మాత్రం ఇది వర్తించదు. టికెట్ మీద సెక్షన్ 40-6-241 పక్కన (సి)(1) అని, అంటే ఫోన్ చేత్తో పట్టుకున్న కేసని, ఉందో లేదో చూడండి.

రాలీ_వాన: రాష్ట్రాన్ని బట్టి ఎంత తేడానో చూడండి. మా నార్త్ కరోలినాలో డ్రైవ్ చేస్తూ మెసేజ్ పంపితే జరిమానా 100 డాలర్లు, కోర్టు ఖర్చులు అదనం. కానీ లైసెన్స్ పాయింట్లు గానీ, ఇన్సూరెన్స్ సర్‌చార్జ్ (ప్రీమియం మీద అదనపు వడ్డన) గానీ వేయకూడదని చట్టంలోనే రాశారు. న్యూయార్క్‌లో అదే పనికి 5 పాయింట్లు. జరిమానా చూసి ఇన్సూరెన్స్ భారం అంచనా వేయలేం.

బే_గాలి: కాలిఫోర్నియాలో మొదటి టికెట్‌కి పాయింట్ లేదు. 36 నెలల్లోపు రెండోది పడితే పాయింట్ వేస్తారు, 2021 జులై నుంచి ఇదే రూల్. ఇక్కడ గుడ్ డ్రైవర్ డిస్కౌంట్ కనీసం 20 శాతం, మూడేళ్లలో ఒక పాయింట్ దాటితే అది పోతుంది. ఇంకోటి, మ్యాప్ కోసం ఫోన్ పట్టుకున్నా తప్పేనని 2025 జూన్‌లో అప్పీల్ కోర్టు తేల్చేసింది.

లెక్కల_పుస్తకం: నేను ఇన్సూరెన్స్ రంగంలోనే పనిచేశాను. టికెట్ పడిన రోజే కంపెనీకి తెలియదు. రెన్యువల్ సమయంలో డ్రైవింగ్ రికార్డు తెప్పించుకుంటే అప్పుడు బయటపడుతుంది, అదీ ప్రతిసారీ తెప్పించరు. సాధారణంగా మూడేళ్ల వెనక్కి చూస్తారు. దెబ్బ రెండు వైపులా పడొచ్చు: సర్‌చార్జ్ ఒకటి, సేఫ్ డ్రైవర్ డిస్కౌంట్ పోవడం ఇంకొకటి. చాలామంది మొదటిదే లెక్కేసుకుంటారు, రెండోదే ఎక్కువ బాధ పెట్టొచ్చు. పిల్లలున్న పాలసీలో అసలు ప్రీమియమే ఎక్కువ కాబట్టి ఇంకా భారం.

మూడో_లేన్: డిస్కౌంట్ కోసం ఇన్సూరెన్స్ కంపెనీ యాప్ (డ్రైవింగ్ ఎలా ఉందో చూసి స్కోరు ఇచ్చేది) ఫోన్‌లో పెట్టుకున్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్త. పోలీసు చూడకపోయినా యాప్ చూస్తుంది. ఫోన్ చేతిలో కదిలినా, స్క్రీన్ మీద వేలు పడినా స్కోరు తగ్గిపోయింది నాకు. మా ఆవిడ నడుపుతుంటే నేను పక్కన కూర్చుని పాట మార్చినా నా ఖాతాలోనే రాసింది. ఆ ట్రిప్‌లోకి వెళ్లి "నేను ప్రయాణికుణ్ణి" అని మార్చాక సరైంది. వారానికోసారైనా ట్రిప్పులు తెరిచి చూసుకోండి.

పెరటి_జామ: అందరికీ చాలా థాంక్స్ అండి. టికెట్ తీసి చూశాను, (సి)(1) అనే ఉంది. బ్లూటూత్ కిట్ ఆర్డర్ పెట్టేశాం, కోర్టుకే వెళ్తున్నారు. మరి కోర్టు తేదీ రెన్యువల్ తర్వాత పడింది. ఈలోపు కంపెనీవాళ్లు రికార్డు చూస్తే?

లెక్కల_పుస్తకం: తీర్పు వచ్చి నేరం రుజువైతేనే రికార్డుకెక్కుతుంది అండీ. పెండింగ్ టికెట్ సాధారణంగా అందులో కనిపించదు. కోర్టు తేదీ మాత్రం తప్పనివ్వకండి, హాజరు కాకపోతే లైసెన్సే సస్పెండ్ కావచ్చు. కేసు కొట్టేశాక ఆ కాగితం ఒక కాపీ దగ్గర పెట్టుకోండి.