పైథాన్ నుంచి నడిపితే ఎఫ్ఎఫ్ఎంపెగ్ రికార్డింగ్ మధ్యలో ఆగిపోతోంది

ఉబుంటు 24.04, పైథాన్ 3.12, ఎఫ్ఎఫ్ఎంపెగ్ (వీడియో రికార్డ్ చేసే కమాండ్ టూల్) 6.1 వాడుతున్నాను. సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌లోని పోపెన్‌తో (పైథాన్ నుంచి వేరే ప్రోగ్రామ్‌ని నడిపేది) స్క్రీన్ రికార్డింగ్ (ఎక్స్11గ్రాబ్‌తో స్క్రీన్ తీసుకుని, ఎంపీ4 ఫైల్‌గా) మొదలుపెట్టి, ఆపాల్సినప్పుడు ఎస్‌టీడీఇన్‌కి (ప్రోగ్రామ్ ఇన్‌పుట్) 'క్యూ' అక్షరం పంపుతున్నాను. ఎస్‌టీడీఇన్, ఎస్‌టీడీఎర్ర్ (ప్రోగ్రామ్ మెసేజ్‌లు వచ్చే దారి) రెండూ పైప్‌కే ఇచ్చాను. ఎస్‌టీడీఎర్ర్‌లో వచ్చే మెసేజ్‌లను మాత్రం రికార్డింగ్ అయ్యాకే చదువుతున్నాను.

రెండు నిమిషాల లోపు ఆపితే ఫైల్ చక్కగా వస్తుంది. ఐదారు నిమిషాలు దాటితే ఫైల్ సైజ్ పెరగడం ఆగిపోతుంది, ప్రాసెస్ మాత్రం బతికే ఉంటుంది, సీపీయూ వాడకం దాదాపు సున్నా. అప్పుడు 'క్యూ' పంపినా, టెర్మినేట్ పిలిచినా కదలదు. కిల్ చేస్తే ఆగుతుంది కానీ ఫైల్ తెరుచుకోదు, 'మూవ్ ఆటమ్ నాట్ ఫౌండ్' (ఎంపీ4 తెరవడానికి కావాల్సిన సూచిక లేదు) అని వస్తుంది. ఇదే కమాండ్ నేరుగా టెర్మినల్‌లో గంటసేపు నడిచినా ఏ ఇబ్బందీ లేదు, కాబట్టి తేడా పైథాన్ వైపే ఉందనుకుంటున్నాను.

ఫైల్ రకాన్ని ఎంకేవీకి మార్చి చూశాను: ఫైల్ తెరుచుకుంటుంది, రికార్డింగ్ మాత్రం అక్కడే ఆగుతుంది. లాగ్‌లెవెల్‌ని (ఎన్ని మెసేజ్‌లు రావాలన్న సెట్టింగ్) ఎర్రర్‌కి తగ్గిస్తే చివరిదాకా నడుస్తోంది! కానీ అలా చేస్తే ఫ్రేమ్, స్పీడ్ అంకెలు రావు. అవి నా విండోలో ఎప్పటికప్పుడు కనిపించడం నాకు చాలా అవసరం.

రికార్డింగ్ నడుస్తుండగానే ఆ అంకెల్ని చదువుతూ, 'క్యూ' పంపగానే ఫైల్ సరిగ్గా ముగిసేలా పోపెన్ కోడ్‌ని ఎలా రాయాలి?