అప్‌డేట్: మ్యాప్‌లో పచ్చగా ఉన్నా ఫోన్లు కలవని సమస్య తీరింది

భీమవరం ఆఫీసు నుంచి నరసాపురం, పాలకొల్లు బ్రాంచీలకు ఫోన్లు కలవకపోయినా జాబిక్స్ (నెట్‌వర్క్‌ను కనిపెట్టి చూసే సాఫ్ట్‌వేర్) మ్యాప్‌లో గీతలన్నీ పచ్చగానే ఉంటున్నాయని ఇంతకుముందు అడిగాను. పింగ్ (పరికరం నెట్‌వర్క్‌లో పలుకుతోందా అని చూసే పరీక్ష) ఒక్కటే చాలదు, సిప్ (నెట్‌వర్క్ మీద కాల్స్ కలిపే పద్ధతి) సర్వీసు పలుకుతోందా అని అడిగే ఆప్షన్స్ చెక్ పెట్టమన్నవాళ్లకు చాలా థ్యాంక్స్. అదే పనిచేసింది.

పింగ్‌కు జవాబొస్తే గేట్‌వే (బ్రాంచీ ఫోన్లను బయటికి కలిపే పెట్టె) ఆన్‌లో ఉందనే అర్థం, కాల్స్ వెళ్తున్నాయని కాదు. ఇప్పుడు సిప్‌సాక్ అనే టూల్‌తో రాసిన స్క్రిప్టు, గేట్‌వేలో సిప్ వాడే 5060 పోర్టుకు ఆప్షన్స్ పంపుతుంది. జవాబు రాకపోతే ట్రిగ్గర్ (జాబిక్స్ హెచ్చరిక) పడి ఆ గీత ఎర్రబడుతుంది. ఒకేసారి 30 కాల్స్ నడిచే పీఆర్ఐ లైనుకు (ఫోన్ కంపెనీ ఇచ్చే డిజిటల్ లైను) విడిగా ఎస్ఎన్ఎంపీ (పరికరాన్ని దాని స్థితి అడిగి తెలుసుకునే పద్ధతి) చెక్ ఉంది. అందులో ఇంటర్‌ఫేస్ స్టేటస్ 1 అంటే బాగున్నట్టు, 2 అంటే పడిపోయినట్టు.

మొన్న గాలివానకు కరెంటు పోయొచ్చాక నరసాపురం గీత ఎర్రబడింది. పింగ్ మాత్రం చక్కగా వస్తోంది! గేట్‌వే లేచింది గానీ సిప్ సర్వీసు లేవలేదు. అర్ధరాత్రే రీస్టార్ట్ చేయించాం. చెరువుల్లో ఆక్సిజన్ తగ్గి రొయ్య పైకి తేలేది తెల్లవారుజామునే, రొయ్యల రైతులు మాకు ఫోన్ చేసేదీ అప్పుడే. ఆ టెన్షన్ ఇప్పుడు లేదు.

తర్వాత అమలాపురం బ్రాంచీని కూడా ఇలాగే మ్యాప్‌లోకి తెస్తున్నాం.